ఇంజెక్షన్లు వద్దని బిళ్లలకు ఒప్పుకున్నాను, తప్పు చేశానా?

కోనసీమలో రాజోలు దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. చేత్తో రాసిన ఆరు పేజీలను ఫోన్లో ఫొటోలు తీసి పంపారు. అందులోని సంగతి క్లుప్తంగా చెబుతాను.

ఆమెకు 37 ఏళ్లు, భర్తకు 44. ఆయన రొయ్యల చెరువుల దగ్గర మేత వేయడం, రాత్రిళ్లు ఏరియేటర్లు చూసుకోవడం చేస్తారు. ఇరవై ఆరు రోజుల కిందట రాత్రి ఇంటికి వస్తుంటే, వానకు జారుడుగా ఉన్న కాలవగట్టు మీద బండి ఒరిగి పడిపోయారు. ఎడమ తొడ ఎముక విరిగింది. మర్నాడు పట్నంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కార్డు మీద ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ఆరో రోజు ఇంటికి పంపారు.

ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ రోజూ పొట్ట మీద ఇంజెక్షన్ వేశారట. ఇంటికి పంపే రోజు డాక్టరు ఈమెను పక్కకు పిలిచి, రక్తం గడ్డకట్టకుండా ఆరు వారాలు మందు వాడాలని చెప్పారు. ఈ ఇంజెక్షన్లే కొనసాగించవచ్చు, లేదంటే ఆస్పిరిన్ బిళ్ల రెండు పూటలా వేసుకోవచ్చు, మీ ఆయనకు ఏదైనా సరిపోతుంది, ఏది రాయమంటారు అని అడిగారు. ఇంజెక్షన్ ఒక్కొక్కటి నాలుగు వందల పైమాట. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంటికొచ్చి వేసినందుకు మళ్లీ వేరే. చేతిలో ఉన్నది లెక్కేసుకుని ఈమె బిళ్లలే రాయమన్నారు. ఇంట్లో మాత్రం "డాక్టరుగారే బిళ్లలు రాశారు" అన్నారు.

పది రోజుల కిందట పక్క ఊళ్లో ఒకాయన పోయారు. యాభై ఏళ్ల మనిషి, కాలు విరిగి ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చిన రెండో వారంలో స్నానాల గదిలో కూలిపోయారు. రక్తం గడ్డకట్టి గుండెకు వెళ్లిందట అని ఊరంతా అనుకున్నారు. ఆ రాత్రే అత్తగారు, "మనోడికి ఆ సూది ఎందుకు ఆపేశారు?" అని అడిగారు. కువైట్‌లో పనిచేసే పెద్దాడపడుచు ఫోన్లో, "డబ్బుల్లేవంటే నేను పంపనా? నాలుగు డబ్బులకు చూసుకుని మా తమ్ముడి ప్రాణం మీదకు తెస్తావా?" అన్నారు. బావగారు వచ్చే వారం ఆస్పత్రికి వెళ్లి డాక్టర్ని నిలదీస్తానంటున్నారు.

ఇంట్లో ఇంకో కథ ఉంది. మూడేళ్ల కిందట మామగారు, అప్పుడు ఆయనకు 76 ఏళ్లు, బోరు దగ్గర నాచు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. "ఈ వయసులో కోతలెందుకు" అని అత్తగారు అన్నారు, అందరూ సరేనన్నారు. ఇంట్లోనే కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు. రెండున్నర నెలలకు, వీపు మీద పుళ్లు పడి, దగ్గు పట్టుకుని, జ్వరంతో పోయారు. ఇప్పుడు అదే మంచం మీద కొడుకు. ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు ఆయన్ని వాకర్ పట్టించి నడిపించారు. ఇంటికొచ్చాక అత్తగారు కాలు కింద పెట్టనివ్వడం లేదు, రాడ్ వంగిపోతుందంటున్నారు. వాకర్ మీద తువ్వాళ్లు ఆరేస్తున్నారు. గుడ్డు, చేప, వంకాయ, గోంగూర పెడితే చీము పడుతుందని చారన్నమే పెడుతున్నారు. మాటిమాటికీ బెడ్‌పాన్ అడగడం సిగ్గనిపించి ఆయన మంచినీళ్లు తాగడం తగ్గించేశారు. ఈమె రాత్రి రెండింటికి, నాలుగింటికి లేచి భర్త ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నారు.

ఆమె అడిగినవి మూడు: డబ్బుకు చూసుకుని ఆయన ప్రాణంతో ఆడుకున్నానా? ఇప్పుడైనా ఇంజెక్షన్లకు మార్చమంటారా? నేనే వద్దన్నానని ఇంట్లో చెప్పాలా?

అమ్మా,

ముందుగా మొదటి ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే దానికోసమే మీరు నిద్ర మానుకున్నారు. మీరు తప్పు చేయలేదు. డాక్టరు ఎదురుగా పెట్టిన రెండు సరైన దారుల్లో మీ ఇంటికి మోయగలిగినది ఎంచుకున్నారు. నేను డాక్టర్ని కాదు, ముప్పై ఏళ్లు ఎముకల వార్డులో నర్సుగా చేసినదాన్ని. మీ ఆయన విషయంలో ఆఖరి మాట మీ డాక్టరుదే. అయితే మిమ్మల్ని తినేస్తున్న ఈ ప్రశ్న మీద చాలా పెద్ద పరిశోధన ఒకటి జరిగింది. అది తెలిస్తే మీ గుండె బరువు కొంత దిగుతుంది.

అమెరికా, కెనడాల్లో 21 పెద్ద ఆస్పత్రుల్లో, చేయో కాలో విరిగి ఆపరేషన్ అయినవాళ్లను, కటి ఎముక విరిగినవాళ్లను 12,211 మందిని తీసుకున్నారు. లాటరీ వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మీ ఆయనకు వేసినలాంటి హెపారిన్ జాతి ఇంజెక్షన్, రోజుకు రెండుసార్లు. రెండో గుంపుకు చిన్న మోతాదు ఆస్పిరిన్ బిళ్ల, అదీ రోజుకు రెండుసార్లు. 90 రోజులు వాళ్లను గమనించి 2023 జనవరిలో ఫలితం అచ్చువేశారు. బిళ్లలు వాడినవాళ్లలో 47 మంది చనిపోయారు. ఇంజెక్షన్లు వాడినవాళ్లలో 45 మంది చనిపోయారు. శాతంలో చెప్పాలంటే 0.78, 0.73. రెండు వైపులా వెయ్యికి ఎనిమిది మంది కూడా లేరు. ఊపిరితిత్తుల్లోకి గడ్డ వెళ్లినవాళ్లు రెండు గుంపుల్లోనూ సరిసమానంగా 1.49 శాతమే. రక్తస్రావం కూడా దగ్గరదగ్గరగానే ఉంది. ఆ పరిశోధనలో పాల్గొన్నవాళ్ల సగటు వయసు 45 లోపు. అంటే మీ ఆయన ఈడువాళ్లే.

ఒక తేడా మాత్రం ఉంది. దాన్ని మీ దగ్గర దాచను. కాలి నరాల్లో గడ్డకట్టడం బిళ్లల గుంపులో కాస్త ఎక్కువ. వెయ్యికి 25 మంది చొప్పున బిళ్లల వాళ్లకు, 17 మంది చొప్పున ఇంజెక్షన్ల వాళ్లకు వచ్చింది. ఆ తేడా చావుల్లో కనిపించలేదు. కానీ తేడా ఉందన్న సంగతి మీకు తెలిసి ఉండాలి, కాలిని ఎలా గమనించాలో కింద చెబుతాను.

పక్క ఊరి ఆయన మాట కూడా ఒకటి చెప్పాలి. ఆయన ఎందుకు పోయారో మనకు తెలియదు. గడ్డే అయివుండవచ్చు, గుండెపోటు కావచ్చు. ఆయన వాడింది బిళ్లలో, ఇంజెక్షన్లో, అసలు ఏదైనా వాడారో లేదో కూడా మీ ఉత్తరంలో లేదు. చావు కబురు వచ్చిన ఇంటి చుట్టూ కారణం వెతకడం మనుషుల సహజం. ఆ కారణాన్ని తెచ్చి మీ గుమ్మానికి కట్టుకోకండి.

ఇక ఎముక విరిగితే మనిషి ఎందుకు పోతాడన్నది. మీ ఇంట్లో అందరి భయమూ ఇక్కడే ముడిపడి ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఎముక దానంతట అది ప్రాణం తీయదు. తొడ ఎముక విరిగితే బయటికి చుక్క కనబడకుండా లోపలే లీటరు, లీటరున్నర రక్తం పోవచ్చు. మొదటి గంటల్లో ప్రమాదం అదీ, తలకు తగిలిన దెబ్బా. తర్వాత రెండు మూడు రోజులు ఎముక మజ్జలోని కొవ్వు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంటుంది. మర్నాడే ఎముకను కదలకుండా రాడ్ వేశారంటే ఆ ప్రమాదాన్ని తగ్గించడం కూడా అందులో ఒక కారణం. తర్వాత పుండులో చీము భయం. మీ ఆయన ఇవన్నీ దాటుకుని ఇంటికొచ్చారు. ఇరవై ఆరు రోజులు గడిచాయి, కుట్లు మానాయని మీరే రాశారు. ఇప్పుడు ముఖ్యంగా మిగిలింది గడ్డ భయం. మంచానికి అతుక్కుని ఉంటే అది తగ్గదు, పెరుగుతుంది.

మనం నడుస్తున్నప్పుడు పిక్క కండ బిగుసుకుని, వదులై, నరాల్లోని రక్తాన్ని పైకి తోస్తుంది. చెరువులో ఏరియేటర్ తిరిగినంతసేపూ నీరు కదులుతుంది, ఆగితే నీరు చెడుతుంది. ఇది మీ ఆయనకు మీకంటే బాగా తెలుసు. పిక్క కూడా అలాంటిదే. కాలు కదలక, పైగా ఒంట్లో నీరు చాలక రక్తం చిక్కబడితే ఆస్పిరిన్ అయినా, నాలుగు వందల ఇంజెక్షన్ అయినా చేయగలిగింది తగ్గిపోతుంది. నేను చెప్పిన ఆ లెక్కలు, ఆపరేషన్ అయిన మనిషిని వీలైనంత తొందరగా లేపి కూర్చోబెట్టే ఆస్పత్రుల లెక్కలు. ఆ భద్రత మీ ఇంటికీ రావాలంటే ముందు ఆ వాకర్ మీద తువ్వాళ్లు తీయాలి. మీ ఉత్తరం అంతా చదివాక నాకు నిజంగా భయం వేసింది బిళ్లల దగ్గర కాదమ్మా, ఆ తువ్వాళ్ల దగ్గర, ఆయన తాగని నీళ్ల దగ్గర.

రేపు ఉదయమే ఆస్పత్రికి ఫోన్ చేసి ఒక ప్రశ్న అడగండి: "ఎడమ కాలి మీద ఎంత బరువు మోపవచ్చు?" విరిగిన తీరును బట్టి డాక్టరు సగం బరువు అనవచ్చు, పూర్తిగా మోపమనవచ్చు, వేలు మాత్రం ఆనించమనవచ్చు. అది ఆయన ఇష్టానికి, అత్తగారి ఇష్టానికి వదిలే విషయం కాదు. డిశ్చార్జి కాగితంలో రాసి ఉండే అవకాశం ఉంది, ముందు అందులో చూడండి. రాడ్ వేసేదే మనిషిని తొందరగా లేపడానికి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి పాదాలను చీలమండ దగ్గర ముందుకూ వెనక్కీ ఇరవై సార్లు ఆడించమనండి, రెండు కాళ్లూ. మోకాలు చాపి తొడ బిగించి పట్టి వదలడం, గట్టిగా గాలి పీల్చి వదలడం, ఇవి మంచం మీద కూర్చునే చేయవచ్చు. టీవీలో ప్రకటన వచ్చినప్పుడల్లా చేయమంటే గుర్తుంటుందని మా వార్డులో చెప్పేవాళ్లం.

నీళ్ల సంగతికి మందు నీళ్లలో లేదు, మరుగుదొడ్డిలో ఉంది. పాన్ అడగడానికి సిగ్గుపడే మనిషిని తాగు తాగు అని పోరితే తాగడు. మంచం పక్కన కమోడ్ కుర్చీ పెట్టండి, మెడికల్ సామాన్ల షాపుల్లో దొరుకుతుంది, అద్దెకిచ్చేవాళ్లూ ఉంటారు. పక్కన ఒక తెర కట్టండి. తన పని తాను చేసుకోగలిగితే ఆయన గ్లాసు తానే అడుగుతారు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. మీ ముందు రెండు దారులు ఉన్నాయి.

బిళ్లలే కొనసాగించడం ఒకటి. ఇంకో రెండు వారాల పైచిలుకు మిగిలింది. ఆపకుండా, పూట మరవకుండా, అన్నం తిన్నాక వేసుకోవాలి. ఊళ్లో నొప్పికి ఎవరైనా డైక్లోఫెనాకో, బ్రూఫెనో ఇస్తే డాక్టర్ని అడగకుండా వేసుకోకూడదు. ఆస్పిరిన్‌తో అవి కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు, బ్రూఫెన్ అయితే ఆస్పిరిన్ పనినే చెడగొట్టవచ్చు. ఇంతకుముందు కడుపులో పుండు ఉన్నా, విరేచనం తారులా నల్లగా వచ్చినా వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఈ దారిలో ఖర్చు తక్కువ, పైన చెప్పిన లెక్కల ప్రకారం ప్రాణానికి ప్రమాదం ఇంజెక్షన్లతో సమానమే. కానీ మీ ఇంట్లో మాటలు ఇంకా కొన్నాళ్లు పడాల్సి వస్తుంది.

డాక్టర్ని అడిగి ఇంజెక్షన్లకు మారడం రెండోది. కొందరి విషయంలో అది నిజంగానే అవసరం. ఇంతకుముందు ఎప్పుడైనా కాలిలో గడ్డకట్టి ఉంటే, ఇంట్లో రక్తసంబంధీకులకు చిన్న వయసులోనే గడ్డలు కట్టి ఉంటే, క్యాన్సర్ ఉంటే, మనిషి బాగా భారీ అయితే, ఆ సంగతి డాక్టరుకు తెలియకపోయి ఉంటే ఈరోజే చెప్పండి, నిర్ణయం మారవచ్చు. అవేమీ లేకపోయినా, ఇంటిల్లిపాదికీ ధైర్యం కోసం మారుస్తామంటే తప్పేమీ లేదు. డబ్బు, రోజూ ఒక పోటు, పొట్ట మీద కమిలిన మచ్చలు, అంతే. కిడ్నీల పరీక్ష చూసుకుని మోతాదు రాస్తారు. కానీ ఒకటి గట్టిగా చెబుతున్నాను. షాపులో కొని ఆర్‌ఎంపీతో వేయించేయడం, బిళ్లలు వేసుకుంటూనే పైన ఇంజెక్షన్ కూడా వేయించడం, ఈ రెండు పనులూ ఎవరు చెప్పినా చేయకండి. రెండూ కలిస్తే రక్తం ఆగక ప్రమాదం కావచ్చు. మీ అత్తగారు భయం కొద్దీ మీకు తెలియకుండా ఆ పని చేయించగలరు, అందుకే చెబుతున్నాను.

నా వరకు నేనైతే, పైన చెప్పిన ప్రత్యేక కారణాలు లేకపోతే, బిళ్లలే వాడి ఆ డబ్బుతో ఫిజియోథెరపిస్టును వారానికి రెండుసార్లు ఇంటికి పిలిపిస్తాను. అది నా అభిప్రాయం. మీరు డాక్టరుతో మాట్లాడి, మీ ఆయనతో మాట్లాడి తేల్చుకోండి.

ఏ మందు వాడినా గమనించాల్సినవి ఉన్నాయి. రోజూ ఉదయం ఒకే సమయంలో మోకాలి చిప్ప కింద జానెడుకు కాస్త తక్కువలో, పిక్క లావుగా ఉన్నచోట, బట్టలు కుట్టే టేపుతో రెండు పిక్కలూ కొలిచి కాగితం మీద రాయండి. ఆపరేషన్ అయిన కాలు కొంచెం వాచి ఉండటం మామూలే. కానీ తేడా రోజురోజుకూ పెరుగుతున్నా, 3 సెంటీమీటర్లు దాటినా, పిక్క వేడిగా, గట్టిగా, ఎర్రగా అయి నొక్కితే నొప్పి పుడుతున్నా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లి, కాలిలో గడ్డ ఉందేమో చూసే డాప్లర్ స్కాన్ చేయించండి. వాపని నూనె పెట్టి మర్దన చేయవద్దు, గడ్డ ఉంటే అది కదలవచ్చు.

ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో పోటు, దగ్గితే రక్తం, కళ్లు తిరిగి పడిపోవడం, ఇందులో ఏ ఒక్కటి కనబడినా తెల్లారేదాకా చూడొద్దు, 108కి ఫోన్ చేయండి. కాలి నరంలోంచి తెగిన గడ్డ గుండె గుండా ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ఇరుక్కుంటే ఇలా అవుతుంది. మీ వైపు నుంచి పెద్దాస్పత్రికి వెళ్లాలంటే ఏదో ఒక గోదావరి పాయ దాటాల్సిందే. చించినాడ వంతెన దాటి పాలకొల్లు వైపు వెళతారా, బోడసకుర్రు మీదుగా అమలాపురం వెళతారా అన్నది ఆ రాత్రి వాకిట్లో నిలబడి వాదించుకునే విషయం కాకూడదు. ఎటు దగ్గర, ఎక్కడ రాత్రిపూట డాక్టరు ఉంటారు, స్కాన్ ఎక్కడ ఉంది అన్నది బావగారిని ఇప్పుడే కనుక్కోమనండి. డాక్టర్ని నిలదీయాలన్న ఆయన కోపానికి ఇంతకంటే మంచి పని ఇవ్వలేం. 108 రాకముందే కదలాల్సి వస్తే ఏ ఆటో పిలవాలో, వాళ్ల నంబరు మంచం పక్క గోడ మీద రాసి పెట్టండి. పక్కనే ఆయన వాడుతున్న మందుల పేర్లు కూడా.

ఇప్పుడు మూడో ప్రశ్న. మీరు మూడోదిగా రాశారు గానీ ఉత్తరం అంతటా పరుచుకుని ఉన్నది అదే.

మీ ఉత్తరంలో నాకు బాధ కలిగించిన సంగతి ఒకటుంది. డాక్టరు మిమ్మల్ని పక్కకు పిలిచి అడిగారు. మీ ఆయన మెలకువగా, తెలివిగా మంచం మీదే ఉన్నారు. ఆయన ఒంట్లోకి వెళ్లే మందు గురించి ఆయన్ను అడగలేదు. మీరు చెప్పలేదు. ఇప్పుడు మీ అత్తగారు, ఆడపడుచు, బావగారు అందరూ ఆయన తలమీదుగా మాట్లాడుకుంటున్నారు. కాలు కింద పెట్టాలా, గుడ్డు తినాలా, సూదా బిళ్లా, ఒక్కదానిలోనూ ఆయన మాట మీ ఆరు పేజీల్లో నాకు కనబడలేదు. ఆరడుగుల మనిషి పసిపిల్లాడిలా అయిపోయారని మీరు రాశారు. కొంత మనం చేసినందుకు కూడా అలా అవుతారమ్మా. వార్డులో మేమూ ఈ తప్పు చేసేవాళ్లం, మంచం మీదున్న మనిషిని వదిలేసి పక్కనున్న చుట్టాలతో మాట్లాడేవాళ్లం.

అందుకని, చెప్పాలా వద్దా అంటే, ముందు ఆయనకు చెప్పండి. అందరికంటే ముందు, ఎవరూ లేనప్పుడు. "ఆ రోజు డాక్టరుగారు రెండు దారులు చెప్పారండి. రెండూ మీకు సరిపోతాయన్నారు. ఖర్చు చూసుకుని నేను బిళ్లలన్నాను. ఇంట్లో ఆ మాట చెప్పడానికి భయపడ్డాను. ఇప్పుడు మీకేం అనిపిస్తోంది, ఉంచుదామా, మార్చమని అడుగుదామా?" ఇంతే. ఆయనకు కోపం రావచ్చు. ఒక పూట మాట్లాడకపోవచ్చు. కానీ ఆ తర్వాత ఆ నిర్ణయం ఇద్దరిదీ అవుతుంది, మీ ఒక్కరి మెడలో ఉండదు.

చెప్పకుండా ఉండిపోతే ఏమవుతుంది? ఏమీ కాకపోవచ్చు కూడా. రెండు వారాల్లో మందు అయిపోతుంది, ఆయన నడుస్తారు, అందరూ మరిచిపోతారు. కానీ బావగారు ఆస్పత్రికి వెళితే డాక్టరు ఉన్నమాట చెప్పేస్తారు, "మీ మరదలే కదా బిళ్లలు చాలన్నది" అని. ఆ మాట అలా బయటపడితే మీరు చేసిన సరైన పని కూడా దొంగతనంలా కనబడుతుంది. పైగా మీ మూలంగా డాక్టరు మాట పడతారు. అది మీ మనసు ఒప్పుకోదు, మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది.

అందరినీ కూర్చోబెట్టి ఒకేసారి చెప్పేయడం ఇంకో దారి. ధైర్యం ఉంటే మంచిదే, కానీ నలుగురూ ఒకేసారి మీద పడతారు. నేనైతే ఆయనకు చెప్పాక, ఆయన నోటితోనే తల్లికీ అన్నకీ చెప్పనిస్తాను. "మేమిద్దరం అనుకునే చేశాం" అని ఆయన అంటే ఆ ఇంట్లో సగం గొడవ అక్కడే ఆగుతుంది. కాకపోతే ఆ మాట నిజం కావాలంటే మీరు ముందు ఆయన్ను అడిగి ఉండాలి.

మీ అత్తగారి గురించి. ఆవిడ మాటలు మీకు సూదుల్లా గుచ్చుకున్నాయి, కాదనను. కానీ ఆవిడ మూడేళ్ల కిందట "కోతలెందుకు" అన్న మనిషి. అదే మంచం మీద ఇప్పుడు కొడుకు. ఎవరూ ఆవిడ్ని ఏమీ అనకపోయినా, ఆవిడ లోలోపల తననే అడుగుతూ ఉండి ఉంటారు. మిమ్మల్ని "ఎందుకు ఆపేశారు" అని అడిగిన గొంతులో ఆ ప్రశ్న కూడా ఉందని నాకు అనిపిస్తోంది. మీరిద్దరూ ఒకే భయంతో రాత్రుళ్లు మేలుకుంటున్నారు, ఒకరు ఆ గదిలో, ఒకరు ఈ గదిలో.

మామగారి విషయంలో నిజం చెప్పమంటే చెబుతాను, మీకు మాత్రమే. పెద్దవయసులో తుంటి విరగడం చాలా పెద్ద గండం. 2020లో అచ్చయిన ఒక పరిశోధనలో, మన దేశంతో కలిపి 17 దేశాల్లో తుంటి విరిగి ఆపరేషన్‌కు వచ్చిన 2,970 మందిని చూశారు, వాళ్ల సగటు వయసు 79. కొందరికి ఆరు గంటల్లో, మిగతావాళ్లకు ఒక రోజులో ఆపరేషన్ చేసినా, 90 రోజుల్లో ఒక గుంపులో నూటికి 9 మంది, మరో గుంపులో నూటికి 10 మంది పోయారు. అంత శ్రద్ధగా చూసిన చోటే అంత. ఏడాది తిరిగేలోపు నూటికి ఇరవై నుంచి ముప్పై మంది దాకా పోతారని చాలా దేశాల అనుభవం. ఆపరేషన్ లేకుండా పడుకోబెడితే ఇంకా కష్టం, న్యుమోనియా, వీపు పుళ్లు, గడ్డలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఆపరేషన్ చేయించి ఉంటే బతికేవారేమో, ఏమో. ఆ వయసులో చేయించినా పోయినవాళ్లు ఉన్నారు. ఇది ఆవిడకు ఇప్పుడు చెప్పకండి. ఎంత మెత్తగా చెప్పినా "నువ్వే చంపావు" అన్నట్టు వినబడుతుంది.

ఆవిడకు చెప్పదగిన మాట ఒకటుంది: మామయ్యగారి తుంటి వేరు, మీ అబ్బాయి తొడ వేరు. అక్కడ నూటికి పది. ఇక్కడ వెయ్యికి ఎనిమిది లోపు. మామయ్యగారిని మంచం మింగింది, అందుకే ఇతన్ని మంచం మీద ఉంచకూడదు. ఈ మాట మీ నోటి నుంచి కంటే ఫిజియోథెరపిస్టు నోటి నుంచి వస్తే వింటారు. ఆ రోజు ఆవిడ్ని పక్కనే నిలబెట్టి, కొడుకు రెండో పక్క పట్టుకోమనండి. తన చేయి పట్టుకుని కొడుకు నాలుగడుగులు వేస్తే ఆ తల్లి భయం తగ్గినంతగా ఏ లెక్కకూ తగ్గదు.

పథ్యం గురించి ఎక్కువ చెప్పను. గుడ్డు, చేప, పప్పు, పెరుగు తింటే చీము పట్టదు, ఎముక అతకడానికి కావాల్సినవే అవి. చేపల పులుసు కమ్మగా పెట్టండి. బీడీలు కాలుస్తారని రాశారు, అవి మాత్రం నిజంగానే ఎముకను త్వరగా అతకనివ్వవు. మీ అత్తగారి పథ్యం జాబితాలో దాన్ని చేర్పించగలిగితే ఆవిడ పట్టుదలకు ఇంతకంటే మంచి వాడకం ఉండదు.

కువైట్‌లో ఉన్న వదినగారు డబ్బు పంపుతానంటే వద్దనకండి. రోషానికి పోవద్దు. ఆవిడ అక్కడ ఎవరి ఇంట్లోనో పనిచేస్తూ, తమ్ముడికి ఏమవుతుందో చూడలేక, చేయగలిగింది డబ్బు పంపడమే అని అంటున్నారు. కమోడ్ కుర్చీకి, ఫిజియోథెరపిస్టుకు పంపమని అడగండి. ఇంకో పని కూడా ఆ డబ్బుతో చేయించండి. బోరు దగ్గర నాచు గీకించి గరుకు బండ వేయించి, పట్టుకోవడానికి ఒక పైపు పాతించండి. మీ అత్తగారికి డెబ్బై దాటాయి. మామగారు జారిన చోటే ఆవిడ రోజూ గిన్నెలు తోముతున్నారు. ఎప్పుడైనా ఆవిడ పడి లేవలేకపోతే, ఎవరేమన్నా, అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ అయిపోవడం ఆ వయసులో ఎంతో తేడా చేస్తుంది.

ఇక మీ నిద్ర. ముక్కు దగ్గర వేలు పెట్టి చూడటం వల్ల ఆయనకు ఏ ప్రమాదమూ తప్పదు, మీ ఆరోగ్యం మాత్రం పోతుంది. ఆయన చేతికి అందేలా ఒక స్టీలు గ్లాసు, చెంచా పెట్టండి. ఆయాసం వచ్చినా, నొప్పి వచ్చినా, ఊరికే దాహం వేసినా మోగించమని చెప్పండి. మీరు పక్క గదిలో కాకుండా అదే గదిలో చాప వేసుకుని పడుకోండి. ఆరు వారాలకు ఎక్స్‌రే తీశాక డాక్టరు ఏమన్నారో నాకు రాయండి. ఈసారి ఉత్తరంలో ఒక పేజీ మీ ఆయన్ని రాయమనండి.